మశూచిని పొలిమేర దాటించిన కథ

మన పూర్వ విద్యార్థుల సంఘం ఏర్పడింది 1975లో. స్వర్ణోత్సవ సంచికకు ఒక చరిత్ర వ్యాసం రాయమని సంపాదకవర్గం అడిగినప్పుడు, అదే సంవత్సరం మన దేశంలో జరిగిన మరో సంఘటన నాకు గుర్తొచ్చింది. 1975 మే నెలలో భారతదేశంలో చివరి మశూచి కేసు నమోదైంది. కొన్ని వేల ఏళ్ళుగా ఈ నేల మీద తిష్ఠవేసిన జబ్బు ఆ నెలతో వెళ్ళిపోయింది. మరుసటి నెలలోనే అత్యవసర పరిస్థితి వచ్చింది. అందువల్ల 1975 అనగానే చాలామందికి అదే గుర్తుంటుంది, ఇది గుర్తుండదు.

నేను వైద్యుణ్ణి కాను, ఇంజినీరును. అయినా ఈ విషయమే ఎంచుకున్నాను. దేశాల మధ్య సహకారం అనగానే మన కళ్ళ ముందు కరచాలనాలు, జెండాలు, ఉపన్యాసాలు మెదులుతాయి. అసలు పని జరిగినప్పుడు అది ఎలా ఉంటుందో మశూచి నిర్మూలన చూపించినంత స్పష్టంగా మరే చరిత్రా చూపించదని నా అభిప్రాయం. అది కూడా ఒకరి మీద ఒకరు అణుబాంబులు గురిపెట్టుకుని కూర్చున్న దేశాలు కలిసి చేసిన పని.

అమ్మవారు పోసిందంటే

మశూచిని మన పెద్దలు పెద్దమ్మవారు అనేవారు. జబ్బు వచ్చిందని అనకుండా "అమ్మవారు పోసింది" అనేవారు. గుమ్మానికి వేపమండలు కట్టేవారు. ఊళ్ళో చావులు ఎక్కువైతే జాతర చేసి అమ్మవారిని పొలిమేర దాటించేవారు. పోచమ్మ గుడి లేని తెలంగాణ పల్లె అరుదు. ఆ భక్తి వెనుక ఎంత భయం ఉండేదో ఈ తరానికి తెలియదు.

ఆ భయానికి కారణం ఉంది. ఉధృతమైన రకం మశూచి సోకితే పదిమందిలో ముగ్గురు చనిపోయేవారు. బతికినవారికి జీవితాంతం ముఖం నిండా గుంటలు మిగిలేవి. కొందరికి చూపు పోయేది. ఒకసారి జబ్బు పట్టుకున్నాక దానికి మందు ఉండేది కాదు. ఒక్క ఇరవయ్యో శతాబ్దంలోనే ప్రపంచం మొత్తం మీద సుమారు 30 కోట్లమంది దీనివల్ల చనిపోయారని అంచనా.

మందు లేకపోయినా, రాకుండా అడ్డుకునే ఉపాయం మాత్రం 1796 నుంచే ఉంది. ఇంగ్లండులో ఎడ్వర్డ్ జెన్నర్ గోమశూచి రసిని ఒక పిల్లవాడి చేతికి ఎక్కించి, అతనికి మశూచి సోకదని నిరూపించాడు. ఆ టీకా మన దేశానికి వచ్చిన దారి చిత్రమైనది. వియన్నా నుంచి కాన్‌స్టాంటినోపుల్, అక్కడి నుంచి బాగ్దాద్, బస్రా మీదుగా, ఒకరి చేతి నుంచి మరొకరి చేతికి ఎక్కించుకుంటూ బొంబాయికి తెచ్చారు. 1802 జూన్ 14న అక్కడ మూడేళ్ళ అన్నా డస్ట్‌హాల్ అనే పాపకు వేసినది మన దేశంలో మొదటి టీకా. అంటే ఈ టీకా పుట్టిన నాటి నుంచీ సరిహద్దులు దాటుతూనే ఉంది.

అయినా ఆ తరువాత నూట యాభై ఏళ్ళు గడిచినా మశూచి పోలేదు. యూరప్, ఉత్తర అమెరికా దేశాలు తమ తమ ఇళ్ళు చక్కబెట్టుకున్నాయి. ఆసియా, ఆఫ్రికా, దక్షిణ అమెరికాల్లో అది అలాగే మిగిలింది. ఒక్క దేశంలో మిగిలి ఉన్నా ఓడలోనో విమానంలోనో మళ్ళీ ఎక్కడికైనా రాగలదు కాబట్టి, జబ్బు లేని దేశాలు కూడా ఏటేటా తమ పిల్లలకు టీకాలు వేస్తూనే ఉండాల్సి వచ్చింది.

మినియాపొలిస్‌లో ఒక రష్యన్

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1948లో పుట్టింది. ప్రచ్ఛన్నయుద్ధం ముదరడంతో మరుసటి ఏడాదే సోవియట్ యూనియన్ దాని నుంచి తప్పుకుంది. కొన్నేళ్ళ తరువాత తిరిగి వచ్చింది. 1958లో ఆ సంస్థ వార్షిక సభ అమెరికాలోని మినియాపొలిస్ నగరంలో జరిగింది. ఆ సభలో సోవియట్ ఉప ఆరోగ్యమంత్రి విక్టర్ ఝ్దానోవ్ లేచి, మశూచిని భూమ్మీదే లేకుండా చేద్దామని ప్రతిపాదించాడు. 1806లో అమెరికా అధ్యక్షుడు జెఫర్సన్ జెన్నర్‌కు రాసిన ఉత్తరాన్ని తన ప్రసంగంలో ఉదహరించాడు. స్పుత్నిక్ ఎగిరి ఏడాది కూడా కాలేదు. రెండు దేశాలూ ఒకదాన్నొకటి అనుమానంగా చూసుకుంటున్న రోజులవి. అలాంటి సమయంలో, అమెరికా గడ్డ మీద, ఒక అమెరికా అధ్యక్షుడి మాటనే ఆసరాగా తీసుకుని రష్యన్ ప్రతినిధి ఈ ప్రతిపాదన చేశాడు. 1959లో సభ దాన్ని ఆమోదించింది.

అయితే తీర్మానంతో జబ్బు పోదు. తరువాతి ఏడెనిమిదేళ్ళు డబ్బు లేక, మనుషులు లేక పని నత్తనడక నడిచింది. ఆ సంస్థ అప్పటికే మలేరియా నిర్మూలనకు పెద్ద మొత్తాలు ఖర్చుపెట్టి ఆశించిన ఫలితం చూడలేక సతమతమవుతోంది. 1966లో మశూచికి ఏటా 24 లక్షల డాలర్లు ప్రత్యేకంగా కేటాయించాలన్న ప్రతిపాదన వచ్చినప్పుడు, అది కేవలం రెండు ఓట్ల తేడాతో నెగ్గింది. ఆ రెండు ఓట్లు అటు పడి ఉంటే ఈ కథ ఎలా నడిచేదో ఊహించడం కష్టం.

1967 జనవరి 1న తీవ్ర కార్యక్రమం మొదలైంది. అప్పటికి 31 దేశాల్లో మశూచి పాతుకుని ఉంది. ఏటా కోటి నుంచి కోటిన్నర మందికి సోకుతోందని, సుమారు 20 లక్షలమంది చనిపోతున్నారని అంచనా. జెనీవాలో ఈ పనికి నాయకత్వం వహించినవాడు అమెరికన్ వైద్యుడు డి.ఎ. హెండర్సన్. ఆయనకు కావలసిన టీకాలో సింహభాగం ఇచ్చింది సోవియట్ యూనియన్. కార్యక్రమం ముగిసేసరికి ఆ దేశం వివిధ దేశాలకు ఇచ్చిన టీకా సుమారు 140 కోట్ల డోసులు. మన దేశం 1962లో జాతీయ మశూచి నిర్మూలన కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు ఆధారపడింది కూడా ప్రధానంగా ఆ టీకా మీదే. తరువాత యునిసెఫ్ యంత్రసామగ్రి సహాయంతో మన దేశంలోనే తయారీ పెరిగింది. అలా టీకా తయారుచేసిన నాలుగు సంస్థల్లో ఒకటి మన హైదరాబాదులోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్.

సూది, పొడి, కొలబద్ద

ఇంజినీరుగా నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది ఈ భాగం. ఇంత పెద్ద పని మూడు చిన్న విషయాల మీద నిలబడింది.

మొదటిది పొడి టీకా. ద్రవరూపంలో ఉన్న పాత టీకా మన ఎండలకు రెండు మూడు రోజుల్లో పాడైపోయేది. 1950 దశకం మొదట్లో లండన్‌లోని లిస్టర్ ఇన్‌స్టిట్యూట్‌లో లెస్లీ కొలియర్ టీకాను గడ్డకట్టించి, నీటిని తీసేసి, పొడిగా మార్చే పద్ధతిని పెద్ద ఎత్తున తయారీకి అనువుగా తీర్చిదిద్దాడు. 37 డిగ్రీల వేడిలో నెల రోజులున్నా దాని శక్తి తగ్గదు. కరెంటు లేని పల్లెకు, ఐస్‌పెట్టె లేకుండా, సంచిలో వేసుకుని వెళ్ళగలిగే టీకా అది.

రెండవది రెండు మొనల సూది. అమెరికాలో వయెత్ కంపెనీకి చెందిన బెంజమిన్ రూబిన్ దీన్ని రూపొందించాడు. రెండు మొనల మధ్య సరిగ్గా ఒక మోతాదు టీకా చుక్క నిలుస్తుంది. దాంతో చర్మం మీద పదిహేనుసార్లు పొడిస్తే చాలు. పాత పద్ధతిలో పాతికమందికి సరిపోయే సీసా ఇప్పుడు వందమందికి సరిపోయింది. మరిగించి మళ్ళీ వాడుకోవచ్చు. చదువు పెద్దగా లేని మనిషికి కూడా పావుగంటలో నేర్పవచ్చు. ఆ కంపెనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ దగ్గర రాయల్టీ తీసుకోలేదు. అంతకుముందు మన దేశంలో వాడిన, చర్మం మీద పెట్టి గిర్రున తిప్పే పళ్ళ బిళ్ళ పెట్టిన నొప్పి, పుండు చాలామందిని టీకా పేరెత్తితేనే పారిపోయేలా చేశాయి.

మూడవది ఉమ్మడి కొలబద్ద. కార్యక్రమం మొదట్లో వివిధ దేశాల్లో తయారైన టీకాను పరీక్షిస్తే చాలా నమూనాలు ప్రమాణానికి అందలేదు. అంటే ఎంతోమందికి సూది గుచ్చారు కాని రక్షణ రాలేదు. అప్పుడు కెనడాలోని టొరంటో, నెదర్లాండ్స్‌లోని బిల్తోవెన్ ప్రయోగశాలలను పరీక్షా కేంద్రాలుగా పెట్టారు. ఏ దేశం టీకా అయినా ఒకే పరీక్ష. పెద్ద దేశమని మినహాయింపు లేదు, పేద దేశమని సడలింపు లేదు. మాస్కో టీకాను వాషింగ్టన్ నమ్మడానికి, ఢిల్లీ టీకాను జెనీవా నమ్మడానికి స్నేహం అవసరం లేకపోయింది. కొలత సరిపోయింది.

మంట ఉన్న ఇంటి మీదే నీళ్ళు

మొదట అందరూ అనుకున్నది జనాభాలో నూటికి ఎనభైమందికి టీకా వేస్తే జబ్బు దానంతట అదే పోతుందని. మన దేశంలో ఆ లెక్క దాటిన చోట కూడా జబ్బు పోలేదు. మిగిలిన ఇరవైమందే కోట్లలో ఉంటారు మరి!

దారి నైజీరియాలో దొరికింది. 1966 డిసెంబరులో తూర్పు నైజీరియాలో మశూచి బయటపడింది. అక్కడున్న అమెరికన్ వైద్యుడు విలియం ఫీగీ దగ్గర అందరికీ చాలినంత టీకా లేదు. చుట్టుపక్కల మిషనరీలను రేడియోలో పిలిచి ఎక్కడెక్కడ రోగులున్నారో కనుక్కున్నాడు. రోగి ఇంటి చుట్టూ, అతను కలిసిన మనుషుల చుట్టూ మాత్రమే కంచెలాగా టీకాలు వేయించాడు. జబ్బుకు వెళ్ళే దారి మూసుకుపోయింది. కొన్ని నెలలకు ఆ ప్రాంతం బయాఫ్రా యుద్ధంలో మునిగిపోయింది గాని, అక్కడ పుట్టిన పద్ధతి ప్రపంచమంతా పాకింది.

1974లో బీహారులో ఇదే పద్ధతి వదిలేసి మళ్ళీ అందరికీ టీకాలు వేద్దామని రాష్ట్ర ఆరోగ్యమంత్రి పట్టుబట్టాడు. సమావేశంలో ఒక స్థానిక యువ వైద్యుడు లేచి, మా ఊళ్ళో ఒక ఇల్లు తగలబడితే ఆ ఇంటి మీదే నీళ్ళు పోస్తాం కాని ఊళ్ళోని అన్ని ఇళ్ళ మీదా పోయం కదా అన్నాడట. మంత్రి మరో నెల గడువిచ్చాడు. ఫీగీ తరువాత రాసుకున్న సంగతి ఇది. ఆ నెల రోజుల్లోనే గాలి తిరిగింది.

1974: బీహారు

ఆ ఏడాది మన దేశంలో 1,88,003 మశూచి కేసులు నమోదయ్యాయి. 31 వేలమందికి పైగా చనిపోయారు. దక్షిణాది రాష్ట్రాలు అంతకుముందే చాలావరకు తేరుకున్నాయి. భారమంతా బీహారు, ఉత్తరప్రదేశ్, పశ్చిమ బెంగాల్ వంటి రాష్ట్రాల మీద పడింది. మే నెలలో దేశమంతటా రైల్వే సమ్మె జరిగింది. అదే నెల 18న పోఖ్రాన్‌లో అణుపరీక్ష జరిగింది. కెనడా మనతో అణు సహకారం ఆపేసింది. ఇతర దేశాలు గుర్రుమన్నాయి. మశూచి పనికి వచ్చిన విదేశీ వైద్యులు మాత్రం బీహారు పల్లెల్లోనే ఉన్నారు.

పని ఇలా సాగింది. లక్షమందికి పైగా ఆరోగ్య కార్యకర్తలు, వారం పది రోజుల్లో, పది కోట్లకు పైగా ఇళ్ళ తలుపులు తట్టేవారు. చేతిలో మశూచి సోకిన పిల్లవాడి బొమ్మ ఉన్న కార్డు. "ఇలాంటి జబ్బు ఎవరికైనా ఉందా?" అని అడగడమే పని. బడికి వెళ్ళి పిల్లలను, సంతకు వెళ్ళి బేరగాళ్ళను కూడా అడిగేవారు. వాళ్ళు నిజంగా వెళ్ళారో లేదో వేరే బృందం కొన్ని ఇళ్ళకు వెళ్ళి తనిఖీ చేసేది. రోగి దొరికితే ఆ ఇంటి దగ్గర రాత్రింబవళ్ళు కాపలా. రోగి సమాచారం ఇచ్చినవారికి బహుమతి. కేసులు తగ్గేకొద్దీ ఆ బహుమతిని పెంచుతూ 1,000 రూపాయల దాకా తీసుకెళ్ళారు.

ఎం.ఐ.డి. శర్మ, మహేంద్ర దత్తా, ఆర్.ఎన్. బసు, సి.కె. రావు వంటి మన వైద్యులు కేంద్ర బృందంలో ఉన్నారు. ఢిల్లీలోని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రాంతీయ కార్యాలయం నుంచి నికోల్ గ్రాసే అనే మహిళా వైద్యురాలు వారితో చేయి కలిపింది. సుమారు 30 దేశాల నిపుణులు వచ్చి మన జిల్లా వైద్యులతో కలిసి జీపుల్లో తిరిగారు. అమెరికన్లు, రష్యన్లు, చెక్‌లు ఒకే బృందంలో పనిచేశారు. డబ్బు అయిపోయే దశలో స్వీడన్ ఆదుకుంది. జంషెడ్‌పూర్ స్టేషను నుంచి జబ్బు రైలెక్కి దేశమంతా వెళుతోందని తేలినప్పుడు టాటాలు తమ వైద్యులను, జీపులను పంపి ఆ ప్రాంతాన్ని భుజాన వేసుకున్నారు.

1975 మే 17న బీహారులో బయటపడినది మన దేశంలో పుట్టిన చివరి కేసు. వారం తరువాత అస్సాంలోని కరీంగంజ్ రైల్వే స్టేషనులో భిక్షాటన చేసుకునే సైబన్ బీబీకి మశూచి కనిపించింది. ఆమె బంగ్లాదేశ్ నుంచి వచ్చింది. ఆమె తరువాత భారతదేశంలో ఎవరికీ రాలేదు. రెండేళ్ళపాటు వెతికి, ఎక్కడా లేదని నిర్ధారించుకున్నాక 1977 ఏప్రిల్‌లో అంతర్జాతీయ సంఘం ధ్రువీకరించింది.

యుద్ధం తెచ్చింది, సహకారం తీసింది

బంగ్లాదేశ్ కథ ఇక్కడ చెప్పుకోవాలి. అప్పటి తూర్పు పాకిస్తాన్‌లో 1970 నాటికే మశూచి పోయింది. 1971 యుద్ధంలో కోటిమంది దాకా శరణార్థులు మన దేశానికి వచ్చారు. కలకత్తా దగ్గరి శిబిరంలో జబ్బు అంటుకుంది. స్వాతంత్ర్యం వచ్చాక ఇళ్ళకు తిరిగి వెళ్ళినవారితో అది కూడా వెళ్ళింది. ఒక యుద్ధం చేసిన పనిని సరిదిద్దడానికి దాదాపు నాలుగేళ్ళు పట్టింది. 1975 అక్టోబరులో భోలా దీవిలో రహీమా బాను అనే చిన్నారికి మశూచి వచ్చిందని ఎనిమిదేళ్ళ బిల్కిసున్నెస్సా ఆరోగ్య కార్యకర్తలకు చెప్పింది. 250 టాకాల బహుమతి అందుకుంది. ప్రపంచంలో ఉధృతమైన రకం మశూచికి అదే ఆఖరి సహజ కేసు. దాన్ని పట్టించింది మూడో తరగతి ఈడు పిల్ల!

తేలికరకం మశూచి మరో రెండేళ్ళు ఆఫ్రికా కొమ్మున మిగిలింది. అక్కడ 1977లో ఇథియోపియా, సోమాలియా ఓగడెన్ ఎడారి కోసం యుద్ధంలో ఉన్నాయి. అయినా వెతుకులాట ఆగలేదు. ఆ ఏడాది అక్టోబరు 26న సోమాలియాలోని మెర్కా ఆస్పత్రి వంటవాడు అలీ మావ్ మాలిన్‌కు జబ్బు తేలింది. అతను కోలుకున్నాడు. తరువాత జీవితంలో పోలియో టీకాల ప్రచారంలో పనిచేస్తూ, ఆ పనిలో ఉండగానే 2013లో మలేరియాతో చనిపోయాడు.

1980 మే 8న ప్రపంచ ఆరోగ్య సభ మశూచి అంతరించిందని ప్రకటించింది. మనిషికి సోకే జబ్బుల్లో పూర్తిగా పోయింది ఇప్పటికి ఇదొక్కటే.

జమాఖర్చులు

1967 నుంచి ముగిసేదాకా మొత్తం ఖర్చు సుమారు 30 కోట్ల డాలర్లు. అందులో బయటి సహాయం 10 కోట్లలోపే. మిగతాది జబ్బు ఉన్న పేద దేశాలు తామే పెట్టుకున్నాయి. సహాయం అనగానే ధనిక దేశం ఇవ్వడం, పేద దేశం పుచ్చుకోవడం అనుకునేవారు ఈ లెక్క గుర్తుంచుకోవాలి. ఇక ధనిక దేశాలకు ఏమి మిగిలిందంటే, మశూచి తమ గడప తొక్కకుండా చూసుకోవడానికి 1968లో ఒక్క అమెరికా పెట్టిన ఖర్చే సుమారు 15 కోట్ల డాలర్లు. 1980 తరువాత ఆ ఖర్చు ఎవరికీ లేదు. ఎదుటివాడి ఇంట్లో జబ్బు పోగొట్టడమే మన ఇంటికి చౌకైన రక్షణ అని ఈ అంకెలు చెబుతున్నాయి.

ఖర్చు పద్దులో రాయాల్సినవి మరికొన్ని ఉన్నాయి. చివరి దశలో మన దేశంలో కొన్ని చోట్ల ఇష్టం లేనివారిని పట్టుకుని, రాత్రిపూట ఇళ్ళలోకి చొరబడి టీకాలు వేశారు. వేసినవారిలో విదేశీ వైద్యులూ ఉన్నారు. చరిత్రకారులు దీన్ని దాచలేదు. మనమూ దాచకూడదు. అలాగే 1978లో బర్మింగ్‌హామ్‌లో ప్రయోగశాల వైరస్ సోకి జానెట్ పార్కర్ అనే మహిళ చనిపోయింది. ఆ తరువాత వైరస్ నిల్వలను తగ్గిస్తూ వచ్చి, అమెరికాలో ఒకటి, రష్యాలో ఒకటి మిగిల్చారు. వాటిని ఏం చేయాలన్నది ఈనాటికీ తేలలేదు. జబ్బును కలిసి పోగొట్టిన రెండు దేశాలు దాని విత్తనాన్ని మాత్రం చెరొకటి దాచుకున్నాయి.

మనకు మిగిలింది

ఈ కథలో దేశాలు ముందు స్నేహితులై తరువాత పని మొదలుపెట్టలేదు. విరోధాలు విరోధాలుగానే ఉన్నాయి. పని స్పష్టంగా ఉంది, కొలత ఒక్కటే ఉంది, ఎవరి దగ్గర ఉన్నది వారు తెచ్చారు. ఒకరు టీకా, ఒకరు సూది, ఒకరు డబ్బు, ఒకరు లక్షమంది కార్యకర్తలు. తప్పు లెక్క చెబితే దొరికిపోయే ఏర్పాటు ఉంది. నమ్మకం పని చేస్తూ చేస్తూ పెరిగింది. ఈ పద్ధతితోనే మన దేశం పోలియోను కూడా వెళ్ళగొట్టింది. 2011 జనవరి తరువాత ఇక్కడ సహజ పోలియో వైరస్ కేసు లేదు. ఇందుకు భిన్నంగా, కోవిడ్ వచ్చినప్పుడు ధనిక దేశాలు టీకాలను ముందే కొని పెట్టుకుంటే పేద దేశాలు వరుసలో చివర నిలబడిన సంగతి మనందరం చూశాం. అప్పుడు సూది లేక కాదు, పొడి లేక కాదు, 1958లో లేచి నిలబడిన మనిషిలాంటివాడు లేక.

మన సంఘంలో యాభై దాటినవారు చాలామంది ఎడమచేతి జబ్బ మీద చూసుకుంటే పెద్ద గుండ్రటి మచ్చ కనిపిస్తుంది. ఇప్పటి పిల్లలకు ఉండే బి.సి.జి. మచ్చ వేరు, ఇది వేరు. 1980 తరువాత పుట్టినవారికి ఇది ఉండదు. మన తరువాతి బ్యాచ్‌ల తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఎప్పుడైనా అడిగితే, ఈ మచ్చ ఎందుకు ఉందో, వారికి ఎందుకు లేదో చెప్పండి. మన బడిలో సామాన్యశాస్త్రం, సాంఘికశాస్త్రం చెబుతున్న ఉపాధ్యాయులకు నా మనవి కూడా అదే. ఏడో ఎనిమిదో తరగతి పిల్లలకు ఒక పీరియడు ఈ కథ చెప్పండి. ఐక్యరాజ్యసమితి అంగాల పేర్లు వారు ఎలాగూ బట్టీ పడతారు. ఆ పేర్ల వెనుక జరిగిన పని ఒక్కటి తెలిస్తే, ఆ పాఠం వారికి పరీక్ష అయ్యాక కూడా గుర్తుంటుంది.